రోజూ చూసే ముఖాలే, మాట మాత్రం కలవదు

ప్రశ్న: మావారి ఉద్యోగం మారడంతో ఏడు నెలల క్రితం కొత్త ఊరికి వచ్చాము. నేను ఇంటి నుంచే పనిచేస్తాను. పగలంతా మనిషి ముఖం కనిపించదు కాబట్టి సాయంత్రం పని ముగించుకొని దగ్గర్లోని పార్కులో ఒక గంట నడిచి వస్తాను. అక్కడికి వచ్చేవారు దాదాపు రోజూ అవే మనుషులు. ముఖాలన్నీ గుర్తే, కానీ ఇన్ని నెలల్లో ఒక్కరూ పలకరించలేదు. ఒకరోజు ధైర్యం చేసి, బెంచీల మీద చేరి మాట్లాడుకునే నలుగురైదుగురి దగ్గరికి వెళ్లి నా పేరు చెప్పుకొని, వారు ఎక్కడ ఉంటారో, ఏం చేస్తుంటారో, పిల్లలెంతమందో అడిగాను. పొడిపొడిగా జవాబు చెప్పి మళ్లీ తమ కబుర్లలో పడిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి ఆ వైపు వెళ్లకుండా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, వెనకవైపు దారిలో నడుస్తున్నాను. "ఫోన్లో మాట్లాడుకోవడానికి నీ పాత స్నేహితులున్నారు కదా, ఈ అవస్థ ఎందుకు?" అంటారు మావారు. ఒకవేళ పరిచయాలైతే మాత్రం ఇంటి విషయాలన్నీ ఆరా తీస్తారేమోనన్న భయం కూడా నాకు లేకపోలేదు. తప్పు నాదా, వారిదా? నేనేం చేయాలి?

— ఒక పాఠకురాలు

సమాధానం: తప్పు ఎవరిదో తేల్చే ముందు, మీ ఉత్తరం చివరలో మీరే రాసిన మాటను ఒకసారి మళ్లీ చదువుకోండి. పరిచయాలైతే ఇంటి విషయాలు ఆరా తీస్తారేమోనని మీకు భయం. ఆ సాయంత్రం బెంచీల మీద కూర్చున్నవారికి కలిగిన భయం కూడా సరిగ్గా ఇదే అయి ఉంటుందని నాకు అనిపిస్తున్నది. అంతవరకు ఒక్క మాటైనా కలపని మనిషి నేరుగా వచ్చి, ఎక్కడ ఉంటారు, ఏం చేస్తుంటారు, పిల్లలెంతమంది అని ఒకదాని వెంట ఒకటి అడిగితే, ఆమె మనసులో ఎంత స్నేహభావం ఉన్నా, వినేవారికి అది పలకరింపులా కాక వివరాల సేకరణలా తోస్తుంది. వారు ముక్తసరిగా జవాబు చెప్పడానికి కారణం మీ మీద అయిష్టం కాకపోవచ్చు. తమ గుట్టు తాము కాపాడుకోవడమే కావచ్చు. కొన్ని వారాల పలకరింపుల తర్వాత అడిగితే సహజంగా ఉండే ప్రశ్నలను మీరు మొదటి నిమిషంలో అడిగారు. జరిగింది ఇంతే, దీనికి ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు.

బహిరంగ స్థలాల్లో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారో నిశితంగా గమనించినవారిలో జేన్ జేకబ్స్ ఒకరు. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో నివసిస్తూ, తన వీధిని కళ్లారా చూస్తూ, ఆమె 1961లో ఒక సంగతి రాశారు. తాము ఊళ్లో లేనప్పుడు స్నేహితులెవరైనా వచ్చి తమ ఇంట్లో దిగవలసి ఉంటే, ఆ వీధివారు తాళంచెవిని దగ్గర్లోని దుకాణదారు దగ్గర ఉంచి వెళ్లేవారు. ఆయన తాళంచెవిని భద్రంగా దాచి ఇచ్చేవాడే తప్ప, వచ్చేది ఎవరు, ఎందుకు వస్తున్నారు అని అడిగేవాడు కాదు. నమ్మకమూ, జోక్యం చేసుకోకపోవడమూ ఒకే మనిషిలో ఉండడం వల్లనే ఆ వీధి ఆయనను అంతగా ఆదరించింది. ఇలాంటి నమ్మకం ఎవరో కూర్చోబెట్టి కల్పించేది కాదని, దారిలో ఎదురుపడినప్పటి చిన్న చిన్న పలకరింపులు ఏళ్ల తరబడి పోగుపడితే వస్తుందని ఆమె వాదన. దానికి తోడు మరో మాట కూడా చెప్పారు: పరిచయం కావాలంటే సొంత జీవితమంతా పంచుకోక తప్పదన్న పరిస్థితి ఎక్కడ ఉంటుందో, అక్కడ చాలామంది పరిచయమే వద్దనుకుంటారు. మీ అనుభవంలో జరిగినది దాదాపు ఇదేనని నా అభిప్రాయం. మీరు ఇవ్వజూపినది స్నేహం. కానీ ఆ క్షణంలో వారికి కనిపించినది, ఒప్పుకుంటే రోజూ లెక్క చెప్పుకోవలసిన కొత్త సంబంధం.

ఇక ఏడు నెలలపాటు ఎవరూ పలకరించలేదన్న బాధ గురించి చెబుతాను. సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ఒక సాధారణ దృశ్యాన్ని విడమరిచి చూపారు. కాలిబాట మీద ఎదురుపడిన ఇద్దరు అపరిచితులు ఒకరినొకరు ఒక్క క్షణం చూసి, దగ్గరపడేసరికి చూపు పక్కకు తిప్పుకుంటారు. మీరు ఉన్నారని గమనించాను, కానీ మీ జోలికి రాను అని చెప్పే మర్యాద అది. దాన్ని మనం తిరస్కారంగా చదువుకుంటే ఊరంతా మనల్ని తిరస్కరించినట్టే కనిపిస్తుంది. మీ పార్కులోని మనుషులు ఏడు నెలలుగా మీ పట్ల ఈ మర్యాదను పాటిస్తూ ఉండవచ్చు. మీరూ వారి పట్ల అదే పాటిస్తున్నారు.

అయితే ఈ మర్యాద ముదిరితే ఒక చిక్కు వస్తుంది. మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1970ల తొలినాళ్లలో తన విద్యార్థులతో ఒక పరిశీలన చేయించారు. వారు రైల్వే ప్లాట్‌ఫారం మీద రోజూ రైలు కోసం నిలబడేవారిని ఫొటో తీసి, తర్వాతి వారం అదే రైలెక్కి, ఆ ఫొటోలను ప్రయాణికులకే పంచి, ఇందులో మీకు తెలిసిన ముఖాలేవని అడిగారు. దాదాపు 90 శాతం మంది కనీసం ఒక్కరినైనా గుర్తుపట్టారు. ముఖం బాగా తెలిసీ ఏనాడూ మాట్లాడనివారు ఒక్కొక్కరికి సగటున నలుగురు తేలారు. మాట్లాడే పరిచయం ఉన్నవారి సగటు రెండుకు కూడా చేరలేదు. మీ పార్కు పరిస్థితి మీ ఒక్కరిదీ కాదని చెప్పడానికి ఈ లెక్క చాలు. కానీ మీకు నిజంగా పనికివచ్చేది మిల్‌గ్రామ్ గమనించిన మరో విషయం. ఇద్దరి మధ్య మౌనం ఎంత కాలం సాగితే దాన్ని విడవడం అంత కష్టమవుతుందట. చిన్న సహాయం అడగవలసి వచ్చినా, మనుషులు రోజూ చూసే ముఖాన్ని వదిలి పూర్తిగా కొత్త మనిషినే అడుగుతారట. అదే ముఖం తమ మామూలు చోటికి చాలా దూరంలో, మరో ఊళ్లోనో మరో దేశంలోనో ఎదురైతే మాత్రం చప్పున మాట కలుపుతారట. అంటే మీ మధ్య ఉన్నది అయిష్టం కాదు, అలవాటైపోయిన ఒక మౌనం. దాన్ని విడవడానికి ఒక సాకు కావాలి. సాకు లేకుండా, హఠాత్తుగా, పూర్తి పరిచయంతో విడవబోవడమే ఆ రోజు ఇబ్బంది తెచ్చిపెట్టింది.

కాబట్టి మొదట చేయవలసినది మాట్లాడడం కాదు, మళ్లీ కనిపించడం. వెనకదారి వదిలిపెట్టండి. పార్కుల్లో, కూడళ్లలో మనుషులు ఎక్కడ నిలుస్తారో, ఎక్కడ కూర్చుంటారో 1970లలో న్యూయార్క్‌లో కెమెరాలు పెట్టి పరిశీలించిన విలియం వైట్‌కు ఆశ్చర్యం కలిగించిన సంగతుల్లో ఒకటి, మాట్లాడుకోవడానికి ఆగిన మనుషులు జనం రాకపోకలకు దూరంగా జరగకపోవడం. నలుగురూ నడిచే దారి నడుమనే, అందరికీ అడ్డంగా నిలబడి వారు మాట్లాడుకున్నారు. కోపెన్‌హాగెన్‌లో ఇలాంటి పరిశీలనలే చేసిన వాస్తుశిల్పి యాన్ గేల్ కూడా, నలుగురు నడిచే దారి కనిపించేలా వేసిన బెంచీలకు ఉన్నంత ఆదరణ అటు వీపు తిప్పి ఉన్న బెంచీలకు ఉండదని గుర్తించారు. మనుషులు వచ్చేది మనుషుల కోసమే. ప్రశాంతంగా ఉందని మీరు ఎంచుకున్న వెనకదారిలో పరిచయం ఏర్పడే అవకాశం అందుకే చాలా తక్కువ. గేటు దగ్గరో, రెండు దారులు కలిసేచోటో, మంచినీటి కుళాయి పక్కనో, పిల్లలు ఆడుకునే స్థలానికి అంచునో ఒక బెంచీ చూసుకొని, నడక ముగిశాక పది నిమిషాలు అక్కడ కూర్చోండి. రోజూ అదే వేళకు, అదే చోటికి రండి. ఇయర్‌ఫోన్లు తీసి సంచిలో వేసుకోండి. అవి చెవుల్లో ఉన్నంతసేపు మిమ్మల్ని పలకరించాలని ఉన్నవారు కూడా వెనక్కి తగ్గుతారు, అలా తగ్గడం వారి మంచితనమే.

ఊరికే కనిపిస్తూ ఉంటే ఏమొస్తుందని మీకు అనిపించవచ్చు. రిచర్డ్ మోర్లాండ్, స్కాట్ బీచ్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. రూపురేఖల్లో పెద్దగా తేడాలేని నలుగురు యువతులను ఒక విశ్వవిద్యాలయ తరగతికి విద్యార్థినుల్లా పంపారు. ఒకరు అసలు వెళ్లలేదు, మిగిలిన ముగ్గురు వరుసగా 5, 10, 15 సార్లు వెళ్లారు. ఎవరితోనూ మాట్లాడకుండా, అందరికీ కనిపించేలా కూర్చొని వచ్చేశారు. చివర్లో ఆ నలుగురి ఫొటోలు చూపించి అడిగితే, ఎక్కువసార్లు వచ్చిన యువతి పట్ల విద్యార్థులు ఎక్కువ సుముఖత కనబరిచారు. తరగతి గది వేరు, పార్కు వేరు అన్నమాట నిజమే. అయినా మీరు మాట్లాడని రోజులు కూడా వృథా పోవడం లేదని దీన్నిబట్టి ధైర్యం తెచ్చుకోవచ్చు. ఇన్ని నెలలుగా మీరు అక్కడ నడుస్తున్నారంటే సగం పని తెలియకుండానే చేసి ఉంచారు.

కూర్చునే తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1950లలో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ఆసుపత్రి భోజనశాలలో మనస్తత్వవేత్త రాబర్ట్ సామర్ బల్లల చుట్టూ జరిగే సంభాషణలను లెక్కపెట్టారు. బల్ల మూలకు అటూ ఇటూ కూర్చున్నవారి మధ్య సాగిన మాటలు, పక్కపక్కన కూర్చున్నవారి మాటలకు రెండింతలు ఉన్నాయి. పక్కపక్కన కూర్చున్నవారి మాటలు, బల్లకు ఎదురెదురుగా కూర్చున్నవారి మాటలకు మూడింతలు ఉన్నాయి. మూలగా కూర్చున్నప్పుడు కావాలంటే ముఖం చూడవచ్చు, వద్దనుకుంటే చూపు తిప్పుకోవచ్చు; ఎదురుగా కూర్చుంటే ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి ఒకరు కూర్చొని ఉన్న బెంచీకి సరిగ్గా ఎదురుగా కాకుండా, కొంచెం ఏటవాలుగా ఉన్న బెంచీని ఎంచుకోండి. ఒకే బెంచీ మీద కూర్చోవలసి వస్తే "ఇక్కడ కూర్చోవచ్చా అండీ?" అని అడిగి, మధ్యలో చోటు వదిలి కూర్చోండి. న్యూయార్క్‌లో కదిలే కుర్చీలున్న చోట్ల వైట్ ఒక వింత చూశారు: అపరిచితుడి పక్కన కూర్చోబోయే మనిషి కుర్చీని ఒకటి రెండు అంగుళాలు అటో ఇటో జరిపి కూర్చుంటాడు. ఆ జరపడం వల్ల ఉపయోగమేమీ లేదు. మీ చోటిలోకి నేను రాను అని తెలియజేయడమే దాని ఉద్దేశమని ఆయన అర్థం చేసుకున్నారు. మీరు అడిగే ఆ చిన్న ప్రశ్న కూడా ఆ పనే చేస్తుంది, పైగా మొదటి మాట దానితోనే అయిపోతుంది.

మాట ఎలా మొదలుపెట్టాలన్నది మీ ఉత్తరంలో అసలైన ప్రశ్న. "ఏమవుతుంది, వెళ్లి మాట్లాడేయండి" అనే సలహా మీరు ఇప్పటికే విని ఉంటారు. ఆ సలహా ఇచ్చేవారికి సాధారణంగా అది అవసరం ఉండదు. మీకు నేను చెప్పేది వేరు. ఎదుటి మనిషి గురించి అడగకండి. మీ ఇద్దరికీ కనిపిస్తున్న మూడో విషయం గురించి ఒక మాట అనండి. అపరిచితులను కలిపేది సాధారణంగా ఇలాంటి మూడో విషయమేనని వైట్ కూడా గుర్తించారు: వీధిలో వాయిద్యం వాయించే కళాకారుడో, వింతైన శిల్పమో, ఏదో చిన్న సంఘటనో జరిగితే పక్కపక్కన నిలబడినవారు ఏళ్లుగా తెలిసినవారిలా మాట్లాడుకుంటారు. పార్కులో ఇలాంటివి రోజూ దొరుకుతాయి. "ఈ లైటు నిన్నటి నుంచీ వెలగడం లేదండీ." "గాలికి ఈ కొమ్మ విరిగినట్టుంది, ఎవరైనా చెప్పారో లేదో." "ఇవాళ ఇంత మంది ఉన్నారేమిటండీ?" ఇందులో ఏ మాటకూ ఎవరూ తమ గురించి చెప్పుకోనక్కరలేదు. ఇష్టమైతే నాలుగు మాటలు కలుపుతారు, లేదంటే "అవునండీ" అని ఊరుకుంటారు. ఊరుకునే వీలున్న మాట కాబట్టే దానికి జవాబు ఇవ్వడం కూడా తేలిక.

ఎవరితో మొదలుపెట్టాలన్నది కూడా ఆలోచించవలసినదే. పరస్పరం తిరిగి కూర్చొని కబుర్లలో ఉన్న గుంపు అన్నిటికంటే కష్టమైన చోటు. వారి మాటలకు ఒక చరిత్ర ఉంటుంది, మధ్యలో వచ్చినవారికి ఆ చరిత్ర చెప్పడం వారికి శ్రమ. మీరు సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెట్టారు. ఒంటరిగా కూర్చున్నవారు, పసిపిల్లలను ఆడించడానికి తెచ్చినవారు, కుక్కను నడిపిస్తున్నవారు, తోటపని చేసేవారు, వృద్ధులు మాటకు అంతకంటే అందుబాటులో ఉంటారు. పిల్లవాడి ఆట గురించో కుక్క గురించో అనే మాటకు ఎవరి అనుమతీ అక్కరలేదని అందరూ అనుకుంటారు కాబట్టి, మనిషిని పలకరించడానికి సంకోచించేవారు కూడా కుక్కను నిస్సంకోచంగా పలకరిస్తారు. నిజానికి అది యజమానిని పలకరించడమే.

మరో సంగతి, సంభాషణను ముందు మీరే ముగించండి. రెండు మూడు మాటలు కాగానే "సరేనండీ, ఇంకో రెండు చుట్లు తిరిగి వస్తాను" అని లేచిపోండి. కొత్త మనిషితో మాట కలపడానికి జనం వెనకాడే కారణాల్లో పెద్దది, ఇక వదలరేమోనన్న అనుమానం. మీరు తేలికగా వదిలి వెళ్లగలిగినవారని వారికి తెలిస్తే, మరునాడు వారే పలకరించడానికి జంకరు. వారం రెండు వారాలు తల ఊపడం, ఆ తర్వాత ఒక మాట, ఆ తర్వాత నాలుగు మాటలు, ఇలా సాగనివ్వండి. పేర్లు చెప్పుకోవడానికి తొందర లేదు. ఏళ్ల తరబడి పేరు తెలియకుండానే కుశలం అడిగి పోయేవారు ప్రతి పార్కులోనూ ఉంటారు, అందులో లోటేమీ లేదు.

ఎదుటివారు ఒక్క ముక్కలో జవాబు చెప్పి, ఒళ్లు మరోవైపు తిప్పుకుంటే ఆ రోజుకు వదిలేయండి. ఆ మనిషికి తలనొప్పిగా ఉండవచ్చు, ఇంట్లో గొడవ జరిగి ఉండవచ్చు, రోజు మొత్తంలో ఒంటరిగా ఉండే అరగంట అదొక్కటే కావచ్చు. అయితే మీరు ఒక్క విషయం తెలుసుకోవాలి: ఇలాంటి సందర్భాల్లో మన అంచనా మనకే వ్యతిరేకంగా మొగ్గుతుంది. ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన పరిశోధనలో, కొత్తవారిద్దరు కాసేపు మాట్లాడుకున్నాక, తాము ఎదుటివారికి ఎంత నచ్చామన్నది ఇద్దరూ ఉన్నదానికంటే తక్కువగా ఊహించుకున్నారు. ఒకే వసతిలో కొత్తగా చేరిన విద్యార్థుల మధ్య ఈ తేడా నెలల తరబడి కొనసాగింది. అంతకు ముందు 2014లో షికాగో ప్రాంతపు రైలు ప్రయాణికులతో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ చేసిన ప్రయోగంలో, అపరిచితులతో మాట్లాడమని చెప్పినవారి ప్రయాణం మౌనంగా కూర్చున్నవారి ప్రయాణం కంటే ఉల్లాసంగా గడిచింది. అలా చేస్తే ఎలా ఉంటుందో ఊహించమన్న మరో బృందం మాత్రం సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చెప్పింది. ఆ నలుగురైదుగురు మీ గురించి ఏమనుకున్నారని మీరు అనుకుంటున్నారో, అది కూడా ఇలాంటి అంచనాయే అయి ఉండవచ్చు. వారికి ఆ సంఘటన మరునాటికి గుర్తు కూడా లేకపోవచ్చు. మీరు వారికి సంజాయిషీ ఇవ్వనక్కరలేదు, తప్పించుకు తిరగనూ అక్కరలేదు. ఆ బెంచీల ముందు నుంచి నడవండి, చూపు కలిసినవారికి తల ఊపండి, ఆగకుండా ముందుకు సాగండి. ఎప్పుడో ఒకనాడు వారిలో ఒకరు ఒంటరిగా కనిపిస్తారు. అప్పుడు వెలగని లైటు గురించి మాట్లాడవచ్చు.

మీవారి వాదనలో నిజం లేకపోలేదు, కానీ ఆయన రెండు వేర్వేరు అవసరాలను ఒకటిగా చూస్తున్నారు. పాత స్నేహితులు ఇచ్చేది పార్కు ఇవ్వదు. అపరిచితులు స్నేహితులు కావడానికి కలిసి గడపవలసిన సమయాన్ని అంచనా వేసిన జెఫ్రీ హాల్ 2018లో చెప్పిన లెక్క ప్రకారం, మామూలు స్నేహానికే 50 గంటలు, గాఢ స్నేహానికి 200 గంటలకు పైగా పడుతుంది. పార్కులో మీరు ఒక మనిషితో రోజూ 5 నిమిషాల చొప్పున, ఒక్కరోజు కూడా తప్పకుండా మాట్లాడినా ఏడాదికి 30 గంటలే అవుతుంది. కాబట్టి అక్కడ ఆప్తురాలు దొరుకుతుందని ఆశించి వెళితే నిరాశ తప్పదు. దొరికితే సంతోషించవలసిన విషయమే కానీ, అందుకోసం వెళ్లకండి. పార్కు ఇచ్చేది వేరు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ రోజంతా తాము ఎవరెవరితో మాట్లాడారో లెక్కపెట్టుకోమని కొందరికి అప్పగించారు. ముఖపరిచయం మాత్రమే ఉన్నవారితో మామూలుకంటే ఎక్కువసార్లు మాటలు కలిసిన రోజున, వారు ఎక్కువ సంతోషంగా, నలుగురిలో ఒకరిగా ఉన్నట్టు భావించారని 2014లో వెల్లడించారు. ఇంటి నుంచే పనిచేసే మీకు ఇలాంటి మాటలు పగలంతా ఒక్కటి కూడా దొరకవు. ఆఫీసుకు వెళ్లివచ్చే మీవారికి లిఫ్టు దగ్గరా, ప్రయాణంలోనూ లెక్కలేనన్ని దొరుకుతాయి. ఆయనకు మీ వెలితి అర్థం కాకపోవడానికి ఇదొక కారణమని నా ఊహ.

దూరపు పరిచయాలకు మరో ఉపయోగం కూడా ఉంది. మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో, తెలిసినవారి ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించుకున్నవారిని ఆ తెలిసినవారిని ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా కలిసేవాళ్లమన్నవారు సుమారు 17 శాతం మాత్రమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నవారు సుమారు 56 శాతం, అరుదుగా అన్నవారు 28 శాతం. మన ఆప్తులకు తెలిసినది సాధారణంగా మనకూ తెలిసి ఉంటుంది, కొత్త కబురు కాస్త దూరం నుంచే వస్తుంది. కొత్త ఊళ్లో మంచి వైద్యులెవరు, ఏ దారి రాత్రివేళ క్షేమం అన్న సంగతులు మీ పాత స్నేహితులు ఎంత ప్రేమ ఉన్నా చెప్పలేరు.

ఇప్పుడు ఆరా తీసేవారి సంగతి చూద్దాం. అలాంటివారు ఉంటారు, తప్పకుండా ఎదురవుతారు. బహిరంగ స్థలంలో పరిచయానికి హద్దు గీసే హక్కు ఇద్దరికీ ఉంటుంది, గీసినందుకు నొచ్చుకోవలసిన పని లేదు. జీతమెంత, అద్దె ఎంత, పిల్లలు ఎందుకు లేరు లాంటి ప్రశ్న వచ్చినప్పుడు కోపంతో తెంచనక్కరలేదు, వివరాలూ ఇవ్వనక్కరలేదు. "ఏదో గడిచిపోతోందండీ" అని నవ్వి, మళ్లీ పార్కు విషయానికే మాట మళ్లించండి. రెండోసారి అడిగినా అదే జవాబు, అదే నవ్వు. మూడోసారి అడిగేవారు అరుదు. అడిగితే మీ రెండు చుట్ల నడక ఎలాగూ ఉంది. ఒకరి ఇంటి సంగతులు మీతో చెప్పేవారు మీ సంగతులు మరొకరితో చెబుతారని కూడా గుర్తుంచుకోండి. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఇవ్వడానికి తొందరపడకండి. నెలల తరబడి చూసి, మనిషి మీద గురి కుదిరాక ఇవ్వవచ్చు. తొలి పరిచయంలోనే ఇల్లెక్కడని పట్టుబట్టేవారు, వద్దన్నా వెంట నడిచేవారు తారసపడితే మర్యాద గురించి ఆలోచించకుండా జనం ఉన్న వైపు వెళ్లిపోండి, కాపలా మనిషికి చెప్పండి. నేను చెప్పిన ఓర్పు అంతా హద్దు తెలిసినవారి విషయంలోనే.

మీ వీధిలోనే పరిచయాలు ఎందుకు కాలేదని కూడా మీకు అనిపించి ఉండవచ్చు. మీ ఇంటి ముందు వాహనాల రద్దీ ఎక్కువైతే అందుకు కారణం అదే కావచ్చు. డొనాల్డ్ యాపిల్‌యార్డ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే రకమైన మూడు వీధులను పోల్చి 1972లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు సుమారు 2,000 వాహనాలు తిరిగే వీధివారికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురికి పైగా పరిచయస్తులు ఉండగా, సుమారు 16,000 వాహనాలు తిరిగే వీధివారికి స్నేహితుల సగటు ఒకటికి కూడా చేరలేదు, పరిచయస్తులు ముగ్గురే. నిలబడి మాట్లాడే వీలు లేనిచోట మనుషుల స్వభావాన్ని నిందించి ప్రయోజనం లేదు. మీరు వీధిని వదిలి పార్కును ఎంచుకోవడం సరైన పనే.

రెండు మూడు నెలలు ఇలా చేసి చూశాక కూడా, మిమ్మల్ని చూసి తల ఊపేవారు ఒక్కరూ లేకపోతే, లోపం ఆ స్థలంలోనో వేళలోనో ఉందనుకొని మార్చి చూడండి. సాయంత్రం నడక కోసమే వచ్చి వెళ్లిపోయే జనం వేరు, ఉదయం తీరికగా వచ్చి కూర్చునే జనం వేరు. కూర్చోవడానికి సరిపడా బెంచీలు లేని పార్కులో ఎవరూ నిలవరు, అది మీ చేతిలో లేదు. అప్పుడు గ్రంథాలయానికో, పిల్లలకు కథలు చదివి వినిపించే చోటికో, ఆ పార్కులోనే మొక్కలు నాటేవారో చెత్త ఏరేవారో ఉంటే వారి వెంటో వెళ్లండి. అక్కడ అందరి చేతుల్లోనూ ఒక పని ఉంటుంది, చూపు ఆ పని మీద ఉంటుంది, మాట దాని గురించే నడుస్తుంది కాబట్టి, మొదటి మాటకు మీరు వేరే సాకు వెతుక్కోనక్కరలేదు.